ద్వితీయ విఘ్నం దాటిన పాటలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రుడు ఫోన్ చేశాడు. "మన ఊరి సంగతులు రాస్తావా, పల్నాటి యుద్ధం గురించి రాస్తావా?" అన్నాడు. ఆ రెండూ నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. "ఒక పాటల క్యాసెట్టు చరిత్ర రాస్తానురా" అన్నాను.

"సినిమా పాటలా?"

"కాదు. అమెరికా కుర్రాళ్లవి. గిటార్లు, డ్రమ్ములు, అరుపులు."

అటునుంచి కాసేపు మాట లేదు. "సరే, నీ ఇష్టం. ఆఖరికి మన బడి దగ్గరికి మాత్రం తీసుకురా" అని పెట్టేశాడు.

నిజానికి ఆ క్యాసెట్టు వినగానే నాకు మొదట గుర్తొచ్చింది మన బడే. మన రోజుల్లో బడిగంట అంటే గంట కాదు. వేపచెట్టుకు తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప కమ్మీతో అటెండరు దాన్ని కొడితే ఆ మోత ఊరి చివరి చేలదాకా వినిపించేది. 1996లో ఇంజనీరింగ్ హాస్టల్లో నా గది మిత్రుడు ఒక క్యాసెట్టు పెట్టాడు. అందులో ఒక పాట గంట మోతతో మొదలైంది. ఆ మోత గుడి గంటలా మెత్తగా లేదు, చర్చి గంటలా గంభీరంగానూ లేదు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. "ఒరేయ్, ఇది మా వెల్దుర్తి బడిగంటరా!" అన్నాను. వాడు నవ్వాడు. ఆ గంట కోసం స్టూడియోలో దాగలిని సుత్తితో కొట్టారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అంటే వాళ్లదీ అసలు గంట కాదన్నమాట.

ఆ బృందం పేరు మెటాలికా. ఆ ఆల్బమ్ పేరు 'రైడ్ ద లైట్నింగ్'. 1984లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ అది. ఆల్బమ్ అంటే ఒక బృందం ఒక దఫాలో రికార్డు చేసి విడుదల చేసే పాటల కట్ట.

రెండోది అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ద్వితీయ విఘ్నం పనికిరాదని మన పెద్దలు అంటారు. ఒక ఏడు చేసిన ఉత్సవం రెండో ఏడు ఆగకూడదు. మొదటిసారి ఉత్సాహమే పని నడిపిస్తుంది. పని నిలుస్తుందో లేదో తేల్చేది రెండోసారే. పాటల బృందాలకూ అంతే. మొదటి ఆల్బమ్‌లోకి ఊహ తెలిసినప్పటినుంచి పోగేసుకున్నదంతా వస్తుంది. రెండోదానికి చేతిలో ఉండేది ఏడాది కాలమే. ఆ ఏడాదిలో ఈ నలుగురు కుర్రాళ్లు ఏం చేశారన్నదే ఈ వ్యాసం.

నూర్పిడి సంగీతం

ముందుగా ఈ సంగీతం సంగతి. దీన్ని థ్రాష్ మెటల్ అంటారు. థ్రాష్ అంటే బాదడం. కళ్లంలో కంకులు నూర్చడానికి ఇంగ్లీషులో వాడే మాట, ఇదీ ఒక తల్లి బిడ్డలే. జొన్న కంకులను కర్రలతో నూర్చేటప్పుడు దెబ్బ మీద దెబ్బ ఒకే ఊపులో పడటం మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఊపును గిటారు తీగల మీదకు తీసుకొస్తే థ్రాష్. 1970ల చివర ఇంగ్లండులో పుట్టిన కొత్తతరం హెవీ మెటల్‌నూ, పంక్ అనే సంగీతంలోని వేగాన్నీ కలిపి 1980ల మొదట్లో అమెరికా కుర్రాళ్లు దీన్ని తయారు చేశారు. మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్ అనే నాలుగు బృందాలను ఈ రంగంలో పెద్ద నలుగురుగా చెప్పుకుంటారు.

మెటాలికా పుట్టింది ఒక పేపరు ప్రకటనతో. డెన్మార్క్ నుంచి అమెరికా వచ్చిన లార్స్ ఉల్రిక్ అనే డ్రమ్మర్ కుర్రాడు తనతో కలిసి వాయించేవాళ్లు కావాలని 1981లో లాస్ ఏంజెలిస్‌లో ఒక ప్రకటన వేశాడు. దానికి జవాబిచ్చినవాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్. అతనే గాయకుడు, గిటారిస్టు. అప్పటికి ఇద్దరి వయసూ 18 ఏళ్ల లోపే. తర్వాత బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చేరాడు. మీరు శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వచ్చేస్తేనే చేరతానని అతను షరతు పెడితే, బృందం మొత్తం మూటాముల్లె సర్దుకుని అక్కడికి వెళ్లింది. అప్పటి గిటారిస్టు డేవ్ మస్టెయిన్‌ను 1983 ఏప్రిల్‌లో బృందం నుంచి తీసేసి, న్యూయార్క్‌లో బస్సెక్కించి ఇంటికి పంపేశారు. అతను వెళ్లి మెగాడెత్ పెట్టుకున్నాడు. అతని జాగాలో కర్క్ హామెట్ వచ్చాడు.

1983 జులై 25న మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు 'కిల్ ఎమ్ ఆల్', అంటే అందర్నీ చంపెయ్యండి అని. ముందు అనుకున్న పేరు బూతుగా ఉందని పంపిణీదారులు ఒప్పుకోకపోతే, క్లిఫ్ బర్టన్ చిరాకుపడి అన్న మాటే పేరయింది. అందులో ఎక్కువ పాటలు మేం వచ్చాం, మేం గట్టివాళ్లం, మా శబ్దం ముందు ఎవరూ నిలవరు అనే ధోరణివి. వేగం ఉంది, పౌరుషం ఉంది. పౌరుషం గురించి పల్నాటివాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

బోస్టన్‌లో దొంగతనం

1984 జనవరిలో ఈ నలుగురూ అమెరికా తూర్పుతీరంలో కచేరీలు చేస్తున్నారు. బోస్టన్‌లో ఒక రాత్రి, సామాన్లున్న వ్యాను దొంగలపాలైంది. హెట్‌ఫీల్డ్‌కు ప్రాణమైన మార్షల్ ఆంప్లిఫయర్ అందులోనే పోయింది. గిటారు శబ్దాన్ని పెంచి, దానికి ఒక రంగు ఇచ్చే పెట్టె ఆంప్లిఫయర్. మేళగాడికి తన సన్నాయి ఎలాగో, ఈ సంగీతకారుడికి తన ఆంప్లిఫయర్ అలాగ. అలాంటి శబ్దం మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. ఆంత్రాక్స్ వాళ్లు తమ సామాన్లు అరువిస్తే మిగిలిన కచేరీలు నడిచాయి.

చేతిలో డబ్బు లేదు, సొంత ఇల్లు లేదు, న్యూజెర్సీలో తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకుంటున్నారు. ఉన్న సామానూ పోయింది. ఆ దిగులులో హెట్‌ఫీల్డ్ రాసుకున్న మాటలే తర్వాత 'ఫేడ్ టు బ్లాక్' అనే పాటయ్యాయి. దాని సంగతి ముందుముందు చెబుతాను.

కోపెన్‌హాగెన్ చలిలో

ఫిబ్రవరిలో యూరప్ వెళ్లి, వెనమ్ అనే ఇంగ్లీషు బృందంతో కలిసి కొన్ని కచేరీలు చేశారు. అక్కడినుంచి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోకు చేరారు. రెయిన్‌బో అనే బృందం 1981లో అక్కడ చేసిన ఆల్బమ్ శబ్దం వీళ్లకు నచ్చింది. రికార్డింగ్ ఇంజనీరు ఫ్లెమింగ్ రాస్ముసెన్. ఫిబ్రవరి 20న మొదలుపెట్టి మార్చి 14కు ముగించారు. పగలు స్టూడియో వేరేవాళ్లది, రాత్రి వీళ్లది. పగలంతా అక్కడే ఒక గదిలో పడుకుని, రాత్రి లేచి పనిచేసేవాళ్లు. అద్దెకు ఇల్లు తీసుకునే స్తోమత లేదు. వీళ్ల అమెరికా కంపెనీ మెగాఫోర్స్ దగ్గర కూడా అంత డబ్బు లేకపోతే, యూరప్‌లో విడుదల చేసే మ్యూజిక్ ఫర్ నేషన్స్ కంపెనీ స్టూడియో ఖర్చు భరించింది. పోయిన ఆంప్లిఫయర్ శబ్దానికి దగ్గరగా ఉండేదాని కోసం రకరకాల మార్షల్ పెట్టెలు తెచ్చి వాయించి చూశారు.

ఇక్కడే అసలు సంగతి. మొదటి ఆల్బమ్ అభిమానులకు కావలసింది అలాంటి ఆల్బమే ఇంకొకటి. అదే వేగం, అదే పౌరుషం. అలా చేస్తే ఎవరూ తప్పుపట్టరు. వీళ్లు మాత్రం చదువుకోవడం మొదలుపెట్టారు.

చదువు చెప్పింది బయటి గురువు కాదు, తమలో ఒకడైన క్లిఫ్ బర్టన్. అప్పుడే 22 నిండాయి. మిగతావాళ్లు 20, 21 ఏళ్లవాళ్లు. బర్టన్ చిన్నప్పుడు పియానో నేర్చుకున్నాడు. జర్మన్ విద్వాంసుడు బాక్ సంగీతం శ్రద్ధగా వినేవాడు. రెండు గిటార్లు ఒకే వరుసను వేర్వేరు స్వరస్థానాల్లో కలిసి వాయిస్తే ఎలా ఉంటుంది, ఒక స్వరం మీద ఇంకో స్వరం ఎందుకు నిలుస్తుంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఎత్తుకోవాలి అన్నవి హెట్‌ఫీల్డ్‌కు అతనే నేర్పాడు. హెట్‌ఫీల్డ్ గాయకుడు, బృందానికి ముఖం లాంటివాడు. అయినా తన తర్వాత వచ్చి చేరిన తోటివాడి దగ్గర పాఠం నేర్చుకోవడానికి చిన్నతనం అనుకోలేదు. మన బడిలో లెక్కలు రాని నాలాంటివాళ్లకు సాయంత్రం మెట్ల మీద కూర్చుని లెక్కలు చెప్పింది కూడా మా క్లాసు పిల్లలే. అది గుర్తున్నవాళ్లకు ఈ ముచ్చట కొత్తగా ఉండదు.

ఎనిమిది పాటలు

ఆల్బమ్‌లో ఉన్నవి ఎనిమిది పాటలు, మొత్తం సుమారు 47 నిమిషాలు.

మొదటి పాట 'ఫైట్ ఫైర్ విత్ ఫైర్'. ఇది సన్నటి గిటార్ల మెత్తని వాయిద్యంతో మొదలవుతుంది. వేరే క్యాసెట్టు పెట్టామేమో అనుకునేలోపే నూర్పిడి మొదలవుతుంది, వాళ్లు అప్పటిదాకా చేసినవాటన్నిటికంటే వేగంగా. విషయం అణుయుద్ధం. అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులవి. నిప్పును నిప్పుతోనే ఆర్పుతామని ఇద్దరూ బయలుదేరితే చివరికి మిగిలేది బూడిదేనని ఆ పాట సారం. దానికోసం నాకు అమెరికా, రష్యాలు గుర్తు రానక్కర్లేదు. వాళ్లొకర్ని చంపితే మేం ఇద్దర్ని అనే లెక్క మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో ఈ సంచిక చదివేవాళ్లకు తెలుసు.

మూడో పాట 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్'. ఇదే మన బడిగంట పాట. 1940లో ఎర్నెస్ట్ హెమింగ్వే స్పెయిన్ అంతర్యుద్ధం మీద రాసిన నవల పేరే దీనికీ పెట్టారు. ఆ నవలలో కొందరు పోరాటగాళ్లు ఒక కొండ మీద చిక్కుకుంటారు. ఆకాశం నుంచి విమానాలు వచ్చి బాంబులు వేస్తాయి. ఎవరూ మిగలరు. పాట ఆ కొండ మీది చివరి క్షణాలది. ఆరంభంలో గిటారులా వినిపించేది గిటారు కాదు, బర్టన్ తన బేస్ శబ్దాన్ని అలా మార్చి వాయించాడు. గెలుపు లేదు, జయజయధ్వానాలు లేవు. ఈ కొండ కోసం ఇంతమంది ఎందుకు పోయారన్న ప్రశ్న ఉంది.

ఇక్కడ నాకు కారంపూడి గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాలు నాగులేటి ఒడ్డున తలపడ్డాయి. ఆ యుద్ధంలో పోయిన వీరుల కోసం ఇప్పటికీ ఏటా కార్తీకంలో ఉత్సవం చేస్తున్నాం. వీరవిద్యావంతులు ఆ కథ పాడుతూనే ఉన్నారు. చిన్నప్పుడు బాలచంద్రుడి ఘట్టం వింటుంటే మనమూ కత్తి పట్టాలనిపించేది. పెద్దయ్యాక అదే కథ వింటుంటే, కొడుకును యుద్ధానికి పంపిన తల్లి దగ్గర గొంతు పట్టుకుంటుంది. కథ మారలేదు, వినే మనం మారాం. ఈ కుర్రాళ్లు మొదటి ఆల్బమ్‌కూ రెండో ఆల్బమ్‌కూ మధ్య అలా మారారు. చంపేవాడి పౌరుషం నుంచి చచ్చేవాడి వైపు చూపు తిప్పారు.

ఏడో పాట 'క్రీపింగ్ డెత్'. ఐగుప్తులో జ్యేష్ఠ సంతానం చనిపోయిన రాత్రి కథ, నిర్గమకాండంలోది. సండే స్కూలుకు వెళ్లిన మన మిత్రులకు కంఠతా వచ్చినదే. 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమా చూస్తుండగా వాళ్లకు ఈ ఆలోచన తట్టింది. పాటను ఆ మృత్యువే పాడుతున్నట్టు రాశారు.

చివరిది 'ద కాల్ ఆఫ్ క్తులు'. దాదాపు తొమ్మిది నిమిషాలు, మాట అన్నదే లేదు. అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ భయానక కథ పేరు దానికి ఆధారం. బృందం నుంచి తీసేసిన డేవ్ మస్టెయిన్ పేరును ఈ పాటకూ, టైటిల్ పాటకూ స్వరకర్తల్లో ఒకడిగా వేశారు. పోట్లాడి పంపేసినా పని చేసినవాడి పేరు చెరపలేదు.

అన్నీ గొప్ప పాటలేనని నేననను. 'ఎస్కేప్' అనే ఆరో పాట అంటే బృందానికే పెద్దగా ఇష్టం లేదు. 2012లో ఆల్బమ్ మొత్తాన్నీ వరసగా వాయించిన కచేరీ వచ్చేదాకా దాన్ని వేదిక మీద ముట్టుకోలేదు. మిగిలిన 'ట్రాప్డ్ అండర్ ఐస్' మంచులో చిక్కుకున్నవాడి పాట, మొదటి ఆల్బమ్ వేగానికి దగ్గరగా ఉంటుంది.

కుర్చీ, ఉరికంబం

టైటిల్ పాట సంగతి విడిగా చెప్పాలి. మెరుపు మీద స్వారీ అనే అర్థం వచ్చే ఆ పలుకుబడిని కర్క్ హామెట్ స్టీఫెన్ కింగ్ నవల 'ద స్టాండ్'లో చదివాడు. విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అనుభవించడానికి అది వాడుక మాట. ఆల్బమ్ అట్ట మీద కూడా నీలి ఆకాశంలో మెరుపుల మధ్య ఖాళీ కుర్చీ ఉంటుంది. పాటలో మాట్లాడేది ఆ కుర్చీకి కట్టేసిన మనిషి. మరణశిక్షను తాను సమర్థిస్తాననీ, కానీ చేయని నేరానికి ఆ కుర్చీలో కూర్చోవాల్సి వస్తే ఎలా ఉంటుందన్న ఊహ మీద ఈ పాట రాశాననీ హెట్‌ఫీల్డ్ తర్వాత చెప్పాడు. శిక్షను ఒప్పుకునేవాడే శిక్ష పడినవాడి లోపలికి వెళ్లి చూడటం నాకు ముఖ్యంగా తోచింది.

1993 మార్చిలో మేం పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్నాం. ఆ నెల 8వ తేదీన చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చినవాళ్లు బస్సుకు నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. కొన్నాళ్లు ఊళ్లో ఎవరూ రాత్రి బస్సు ఎక్కడానికి ఇష్టపడలేదు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. 1997 మార్చిలో ఉరి తీయబోతున్నారని పేపర్లలో వచ్చింది. హాస్టల్లో మేం రెండు పక్షాలుగా చీలి రాత్రంతా వాదించుకున్నాం. నేను ఉరి వేయాల్సిందేనన్న పక్షం. ఆ పోయినవాళ్లు మా వైపు మనుషులని నా కోపం. నా గది మిత్రుడు ఏమీ అనకుండా క్యాసెట్టు తిప్పి ఈ పాట పెట్టాడు. అప్పటికి ఏడాదిగా వింటున్న పాటే. ఆ రాత్రి మొదటిసారి, అందులో ఒక మనిషి ఉన్నాడని వినిపించింది.

నా అభిప్రాయం ఆ రాత్రే మారిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ 23 కుటుంబాల దుఃఖం ఎంత నిజమో, తెల్లవారుజామున అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకున్న ఆ ఇద్దరి భయమూ అంతే నిజమని తట్టింది. చివరి ఘడియల్లో ఉరి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చారు.

అందరూ తిట్టిన పాట

ఇక నాలుగో పాట, 'ఫేడ్ టు బ్లాక్'. ఇది అకూస్టిక్ గిటారుతో, అంటే కరెంటు అక్కర్లేని మామూలు గిటారుతో, నెమ్మదిగా మొదలయ్యే పాట. బతుకు మీద ఆశ పోయిన మనిషి మాట్లాడతాడు. ఇది విని కొందరు అభిమానులు మండిపడ్డారు. మెత్తబడ్డారు, అమ్ముడుపోయారు, ఏడుపు పాటలు మొదలుపెట్టారు అన్నారు. మగతనానికి మచ్చ అన్నట్టే మాట్లాడారు. ఇలాంటి పాటలు పిల్లల్ని చావు వైపు తోస్తాయన్న విమర్శ ఇంకోవైపు నుంచి వచ్చింది. అయితే బృందానికి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది రాసింది వేరు. ఆ పాట విన్నాక ఇలా అనిపించేది నాకొక్కడికే కాదని తెలిసిందనీ, అందుకే బతికామనీ రాశారు.

ఇక్కడ మా బ్యాచ్ మిత్రుడొకడి గురించి చెప్పాలి. పేరు రాయను, మావాళ్లకు చెప్పనక్కర్లేదు. మెట్ల మీద మాకు లెక్కలు చెప్పింది వాడే. పదో తరగతిలో వాడి మార్కులు చూసి ఇంట్లో వాళ్లు పొలం కుదవబెట్టి పెద్ద ఊళ్లో ఇంటర్‌లో చేర్పించారు. అక్కడ రెండో ఏడు తప్పాడు. ఊరికొచ్చి మిరప వేశాడు. ఒక సంక్రాంతికి నేను సెలవులకొచ్చినప్పుడు బస్టాండు దగ్గర కలిశాడు. "ఏరా మామా, ఎట్టున్నావు?" అన్నాను. "ఏముందిలేరా" అన్నాడు. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ తర్వాతి వానాకాలంలో వాడు లేడన్న కబురు వచ్చింది.

'ఏముందిలేరా' అన్న ఆ ఒక్క మాట, అకూస్టిక్ గిటారుతో నెమ్మదిగా మొదలైన పాటలాంటిది. దాని తర్వాత ఏముందో నేను నిలబడి వినలేదు. వాడికి ఈ క్యాసెట్టు వినిపించి ఉంటే బతికేవాడని నేననను. పాటలు అంత పని చేస్తాయో లేదో కానీ, మనిషి పక్కన మనిషి కూర్చుంటే కొంత పని జరుగుతుంది. బాగాలేదని పైకి చెప్పడం మగతనానికి మచ్చ కాదని వాడికి మేమెవ్వరం చెప్పలేదు. ఎందుకంటే అది మాకూ తెలియదు.

తర్వాతి కథ

ఆల్బమ్ 1984 జులై 27న విడుదలైంది. ఫ్రాన్సులో ముద్రణ పొరపాటున నీలి అట్ట ఆకుపచ్చగా అచ్చయింది. ఆ నాలుగొందల కాపీల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. ఆగస్టులో న్యూయార్క్ కచేరీ చూసిన ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీ ప్రతినిధి మైకేల్ అలాగో చొరవతో సెప్టెంబరులో వాళ్లకు ఒప్పందం కుదిరింది. నవంబరులో ఆ కంపెనీ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసింది. రేడియోలు పెద్దగా వేయలేదు. అయినా బిల్‌బోర్డ్ పట్టికలో నూరో స్థానందాకా చేరింది. రెండొందల్లో వందో స్థానం అంటే మన లెక్కలో గట్టెక్కడమే. కానీ అమ్మకం ఆగలేదు. 1987లో 5 లక్షల కాపీలకిచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది. 2012కల్లా అమెరికాలోనే 60 లక్షలు దాటింది.

దారి తెరుచుకున్నాక మిగతావాళ్లూ నడిచారు. స్లేయర్, ఆంత్రాక్స్ రెండో ఆల్బమ్‌లు 1985లో, మెగాడెత్ రెండోది 1986లో వచ్చాయి. ఆ మూడూ ఆయా బృందాల మొదటివాటికంటే పదునైనవే.

పాఠం చెప్పిన క్లిఫ్ బర్టన్ మాత్రం ఎక్కువ రోజులు లేడు. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో కచేరీలకు వెళుతున్న వాళ్ల బస్సు తెల్లవారుజామున బోల్తాపడింది. అతనికి 24 ఏళ్లు. అతను నేర్పింది మిగిలింది. 1999లో మెటాలికా శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ వాద్యబృందంతో, మైకేల్ కేమెన్ నిర్వహణలో కచేరీ చేసింది. అందులో 'ద కాల్ ఆఫ్ క్తులు'ను వయొలిన్లు, కొమ్ము వాద్యాలతో వాయించారు. ఆ వాదనకు 2001లో గ్రామీ బహుమతి వచ్చింది. వట్టి గోల అని 1984లో తీసిపారేసిన సంగీతమే అది.

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చింది. రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ రద్దయి, అక్కడ జనం వేదికను ధ్వంసం చేశారు. బెంగళూరులోనూ ఏమవుతుందోనని భయపడుతూనే వెళ్లాను. అప్పటికి నేను అక్కడే ఉద్యోగంలో ఉన్నాను. వేలమంది నడుమ, నా చుట్టూ తెలుగు మాటలు కూడా బాగానే వినిపించాయి. ఆ గంట మోగగానే పక్కనున్న కుర్రాడు నా భుజం మీద చెయ్యి వేసి ఊగడం మొదలుపెట్టాడు. వాడెవరో నాకు తెలియదు. ఇప్పుడు మన హైదరాబాదులోనే గాడ్‌లెస్ అనే బృందం ఈ దారిలో పాటలు కట్టి 2021లో పూర్తి ఆల్బమ్ తెచ్చింది. ఈ సంగీతం మనకూ పరాయిది కాకుండా పోయింది.

మా అమ్మకు మాత్రం పరాయిదే. ఒకసారి సెలవుల్లో ఇంట్లో పెడితే "ఏందిరా అయ్యా, ఎవర్నో పట్టుకుని బాదతన్నట్టుంది" అంది. థ్రాష్ అంటే సరిగ్గా అదేనమ్మా అన్నాను.

రెండో గంట

మిత్రుడికిచ్చిన మాట ప్రకారం బడి దగ్గరికొచ్చాను. మన బడిలో రెండు గంటలు కొట్టేవాళ్లు. మొదటి గంటకు అందరం పరుగెత్తేవాళ్లం. రెండో గంటకు ప్రార్థన వరుసలో లేనివాళ్లు ఆలస్యంగా వచ్చినట్టు లెక్క, గేటు బయటే ఆగిపోయేవాళ్లు.

మన సంఘం ఏటా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు శాలువా కప్పుతోంది. అది మొదటి గంట. మంచిదే, సాగాలి. స్వర్ణోత్సవం తర్వాత రెండో గంట సంగతి కూడా చూద్దామని నా మనవి. పది దాటాక ఇంటర్లోనో, డిగ్రీలోనో, మొదటి పంటలోనో, మొదటి ఉద్యోగంలోనో తడబడ్డవాళ్ల పేర్లు మన దగ్గర ఉండవు. వాళ్లు మన సమావేశాలకు రారు. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు బాధ్యత తీసుకుని, తమ బ్యాచ్‌లో రానివాళ్లకు ఏడాదికి రెండుసార్లయినా ఫోన్ చేయాలి. "ఏముందిలేరా" అన్నవాడి దగ్గరికి మనిషే వెళ్లాలి. మనసు మరీ కుంగిపోయినవాళ్లకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు ఉందని చెప్పాలి. ఆ నంబరును బడి నోటీసు బోర్డు మీద, పరీక్షా ఫలితాలు అంటించే చోటే రాయించాలి.

నా వంతుగా 1993 బ్యాచ్ జాబితా నేను తయారు చేస్తున్నాను. ఇప్పటికి సగం మంది ఫోన్ నంబర్లు దొరికాయి. మిగతావి తెలిసినవాళ్లు ఉత్సవం రోజున నన్ను కలిస్తే రాసుకుంటాను. వేపచెట్టు కింద, గంట దగ్గరే ఉంటాను.